విడిపోయిన ఇంటి పిల్లలకు యాప్ చేస్తానంటున్నావు, ముందు ఆ ఫోను ఎవరిదో చూడు

తమ్ముడూ, ‘అక్కా’ అని మొదలుపెట్టావు కాబట్టి నేనూ చనువుగానే రాస్తున్నాను. ముందు నీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను, తప్పుంటే సరిదిద్దు. నీది మిర్యాలగూడ, ఉద్యోగం హైదరాబాదులో. మీ అక్కా బావా విడిగా ఉంటున్నారు, కోర్టులో కేసు నడుస్తోంది. తొమ్మిదేళ్ల మేనల్లుడు మీ అమ్మానాన్నల దగ్గర ఉన్నాడు. వాణ్ణి చూశాక, ఇలాంటి పిల్లల కోసం తెలుగులో ఒక యాప్ ఉండాలనిపించింది. అందులో నాలుగు భాగాలు అనుకున్నావు: రోజూ ఒక మొహం బొమ్మ నొక్కి మూడ్ ఎలా ఉందో చెప్పడం, డైరీ, పిల్లవాడితో మాట్లాడే చాట్‌బాట్, తల్లికీ తండ్రికీ వారం వారం వెళ్లే గ్రాఫు. ఇందులో ఏం మార్చాలి అని అడిగావు.

నాలుగూ తీసేయమంటాను. కోపం తెచ్చుకోకు. ఇవే నాలుగూ పెట్టి ఒకసారి యాప్ చేయించి చేతులు కాల్చుకున్నదాన్ని.

నల్గొండ, మహబూబ్‌నగర్ కోర్టుల చుట్టూ 14 ఏళ్లుగా కుటుంబ కేసుల్లో కౌన్సెలింగ్ చేస్తున్నాను. మొగుడూ పెళ్లాలతో మాట్లాడటం నా పని. పిల్లలు ఆ పనిలో లెక్కకు రారు. వాళ్లు బయట బెంచీ మీద బిస్కెట్ ప్యాకెట్ పట్టుకొని, అమ్మమ్మ కొంగు పట్టుకొని కూర్చుంటారు. వాళ్లను చూసి చూసి, ఇద్దరు ఇంజనీరు కుర్రాళ్లను పట్టుకొని ఈ యాప్ పనిలో దిగాను. మొదటిది మూలన పడింది. రెండోది కొన్ని బడుల్లో టీచర్ల చేతిలో నడుస్తోంది. కాబట్టి నేను చెప్పేది పుస్తకాల్లోంచి తక్కువ, తిన్న దెబ్బల్లోంచి ఎక్కువ.

మొదటి యాప్‌లో డైరీ ఉండేది. దాన్ని వాడిన వాళ్లలో పదేళ్ల పాప ఒకతె. ఉండటం తల్లి దగ్గర, రెండో శనివారం, మర్నాడు ఆదివారం తండ్రి దగ్గర. ఒకరోజు హోంవర్కు చేయలేదని తల్లి వీపు మీద ఒక్కటి వేసింది. పాప ఆ రాత్రి డైరీలో ‘అమ్మ కొట్టింది, నాకు ఈడ ఉండబుద్ధి అయితలేదు’ అని రాసుకుంది. అదే అకౌంటు తండ్రి ఫోనులోనూ తెరిచి ఉంది. పై వాయిదాకల్లా ఆ పేజీ కలర్ ప్రింటై, కాగితాల కట్టకు జతపడి కోర్టుకు వచ్చింది. జడ్జి గారు దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. తల్లి మాత్రం ఇంటికెళ్లి పాపను ఒక్కటే అడిగింది: ‘నేనేం తక్కువ చేసిన బిడ్డా?’

ఆ తర్వాత మూడు వారాలు ఆ పాప రోజూ నవ్వుతున్న మొహమే నొక్కింది. మా ఇంజనీరు గ్రాఫు చూసి ‘మేడమ్, మంచి ఇంప్రూవ్‌మెంట్’ అని సంబరపడ్డాడు. నేనూ సంబరపడ్డాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పాప మెరుగైంది నోరు మూసుకోవడంలో.

అందుకే ఫోను ఎవరిది అని అడుగుతున్నాను. మన జిల్లాల్లో తొమ్మిదేళ్ల పిల్లవాడికి సొంత ఫోను ఎక్కడిది? అది తల్లిది, లేకపోతే మేనమామది, తాతది. కరోనాలో ఆన్‌లైన్ క్లాసులకని కొన్న పగిలిన ఫోను ఇంట్లో తిరుగుతుంటుంది, దాని లాకు ఇంటిల్లిపాదికీ తెలుసు. కేసు నడిచే ఇంట్లో ఫోను ఒక సాక్షి. కాల్ రికార్డులు, వాట్సాప్ వాయిస్ మెసేజీలు, ఫోటోలు అన్నీ వకీలు దగ్గరికి పోతాయి. నువ్వు పెట్టే డైరీ కూడా పోతుంది. పాస్‌వర్డ్ పెడతానంటావేమో. అమ్మ ‘పాస్‌వర్డ్ చెప్పు’ అంటే తొమ్మిదేళ్ల పిల్లవాడు చెప్పడా? చెప్పకపోతే అదొక గొడవ.

కాబట్టి నీ యాప్ ఏదీ గుర్తుపెట్టుకోకూడదు. సర్వర్లో వద్దు, ఫోనులోనూ వద్దు. పిల్లవాడు రాయాలి, గీయాలి, మాట్లాడాలి, అది అక్కడే పోవాలి. మా రెండో యాప్‌లో, గీసిన బొమ్మను పిల్లలే తెర మీది చెరువులో వదిలేస్తారు. మొదట బతుకమ్మ మీద పెట్టి వదిలేలా చేశాం, నాకది ఎంతో నచ్చింది. మగపిల్లలు ‘అది ఆడోళ్లది’ అన్నారు. సాయిబుల పిల్లలు ఏమీ అనలేదు గానీ ముట్టుకోలేదు. చివరికి కాగితం పడవ అయింది. పడవ మెల్లగా దూరం పోయి కనపడకుండా పోతుంది. పిల్లలు దాన్ని మళ్లీ మళ్లీ వదులుతారు. ఏం గీశారో మాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా పెట్టుకోలేదు. డబ్బు పెట్టేవాళ్లు ‘మరి ఫలితం ఎలా కొలుస్తారు’ అని అడుగుతారు, నిన్నూ అడుగుతారు. కొలవలేమనే చెప్పు.

చట్టం కూడా దాదాపు ఇటే తోస్తుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే. వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లి లేదా తండ్రి అనుమతి కావాలి, ఆ అనుమతి సరిచూసుకోదగ్గదై ఉండాలి. పిల్లల ప్రవర్తనను కనిపెడుతూ ఉండటం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదని 9వ సెక్షన్ చెబుతుంది. పిల్లల విషయంలో ఈ బాధ్యతలు తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంది. రోజువారీ మూడ్ గ్రాఫు ప్రవర్తనను కనిపెట్టడం కిందికి వస్తుందా రాదా అని వకీళ్లు వాదించుకుంటారు, ఆ వాదనలో నువ్వెందుకు ఇరుక్కోవాలి? పైగా తల్లీ తండ్రీ ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇంట్లో ఒకరు ఇచ్చిన అనుమతిని రెండోవాళ్లు ‘నన్నడగకుండా ఎట్లిచ్చిండ్రు’ అని పట్టుకుంటారు. డేటానే తీసుకోకపోతే ఈ తలనొప్పిలో చాలా భాగం పోతుంది.

ఇక మాటల దగ్గరికి వస్తాను. ఇక్కడ నేను కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే హైదరాబాదులో కూర్చొని యాప్ చేసేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే.

మా మొదటి యాప్ తెరవగానే ‘మీ అమ్మానాన్నలు విడాకులు తీసుకున్నారా?’ అని అడిగేది. అవును, లేదు, రెండే బటన్లు. చాలామంది పిల్లలు ‘లేదు’ నొక్కారు. యాప్ ‘ధన్యవాదాలు’ అని మూసుకుపోయింది! వాళ్లు అబద్ధం చెప్పలేదు. మన దగ్గర విడిపోయిన వాళ్లలో కోర్టు డిక్రీ చేతికొచ్చినవాళ్లు ఎందరు? తల్లి ‘తల్లిగారింటికి’ పోయి నాలుగేళ్లయి ఉంటుంది. పెద్దమనుషులు పంచాయితీ పెట్టి, సామాన్లు లెక్కగట్టి, ఇడుపు కాయితం రాయించి ఉంటారు. కులాచారం ప్రకారం జరిగే విడాకులను 1955 నాటి హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాదనదు, అయితే ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలి. కోర్టుకే పోయి, ఇద్దరూ ఒప్పుకున్నా, ఏడాది విడిగా ఉన్నాకే అర్జీ వేయాలి, ఆపైన మామూలుగా ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలు తప్పనిసరేమీ కాదని, తగిన కేసుల్లో కోర్టు వదిలేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పుకోని కేసులు ఏళ్లకేళ్లు నడుస్తాయి. పిల్లవాడి బాల్యమంతా ఈ మధ్యకాలంలోనే గడిచిపోతుంది. ‘విడాకుల తర్వాత’ అని మొదలయ్యే యాప్ వాడికి అందేసరికి మీసాలొస్తాయి.

పాలమూరు వైపు ఇంకో చిక్కు ఉంది. అక్కడ తండ్రి ఇంట్లో లేకపోవడం వింత కాదు. పని కోసం బొంబాయికో పుణెకో పోవడం తరాల నుంచి ఉంది. కోస్గి దగ్గర ఒక ఊళ్లో ఏడేళ్ల బాబును ‘మీ నాయిన ఎక్కడ’ అంటే ‘బొంబాయి పోయిండు’ అన్నాడు. రెండేళ్లుగా అదే మాట అట. ఆయన అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడని ఊరంతా తెలుసు, బాబుకు మాత్రం ప్రతి దసరాకూ వస్తాడనే చెప్తున్నారు. ఈ పిల్లవాడికి నీ యాప్ ఏం చెప్పాలి? పెద్దవాళ్లు చెప్పని నిజాన్ని ఒక యాప్ చెప్పేయకూడదు. అబద్ధానికి వంత పాడనూ కూడదు. మేము చాలా తర్జనభర్జన పడి మొదటి ప్రశ్నను మార్చేశాం: ‘ఈ రాత్రి నువ్వు ఎక్కడ పడుకుంటావు? అక్కడ ఎవరెవరు ఉంటారు?’ తెర మీద ఖాళీ ఇల్లు, పక్కన మనుషుల బొమ్మలు. పిల్లలు ఒక్కొక్కరినీ తెచ్చి ఇంట్లో పెడతారు. మేకను పెడతారు, చనిపోయిన తాతను పెడతారు. ఒకమ్మాయి రెండిళ్లు కావాలంది, ఒకడు ఇంటి బయట రోడ్డు మీద నాన్నను నిలబెట్టాడు. ‘విడాకులు’ అన్న మాట మా యాప్‌లో ఇప్పుడు పెద్దవాళ్ల పేజీలో తప్ప ఎక్కడా లేదు. యాప్ పేరులో, గుర్తులో కూడా ఉండకూడదు. పక్కింటివాళ్లు ఫోను చూస్తే అదొక బొమ్మల ఆటలా కనపడాలి.

భాష విషయం. మొదట ఒక మంచి గొంతుతో పత్రికల తెలుగులో రికార్డు చేయించాం. ‘నీ మనసులోని భావాలను వ్యక్తపరచు’ అన్నది ఆ గొంతు. పిల్లలు ‘టీవీ అక్క’ అని పేరు పెట్టి నవ్వుకున్నారు. తర్వాత దేవరకొండ వైపు ఒక టీచరమ్మతో చెప్పించాం: ‘కడుపుల గడబిడగా ఉన్నదా?’ అని. పిల్లలు బెంగను కడుపులోనే చెప్తారు, ‘కడుపు నొస్తుంది’ అని బడికి ఎగ్గొట్టేది కూడా దాంతోనే. చందంపేట, డిండి తండాల పిల్లలకు ఇంటి భాష లంబాడీ, చిన్న తరగతుల్లో తెలుగు రెండో భాష. రెండు భాషల్లోనూ ఆడియో పెట్టు. రాత తగ్గించు. నెట్ లేకపోయినా నడవాలి, పాత ఫోనులో పట్టాలి. అది నీకు నేను చెప్పేదేముంది.

అసలు పిల్లలు ఏం అడుగుతారు? మేము బడుల్లో ఒక అట్టపెట్టె పెట్టి, పేరు రాయకుండా చీటీలు వేయమన్నాం. అన్ని తరగతుల పిల్లలనూ వేయమన్నాం, విడిపోయిన ఇళ్ల పిల్లల్ని వేరుచేసి పిలిస్తే మర్నాడే ఊరంతా పాకుతుంది. వచ్చిన చీటీలు ఇలా ఉన్నాయి. వాయిదా అంటే ఏంది, అమ్మను జైల్ల ఏస్తరా? జడ్జి అడిగితే ఎవరి పేరు చెప్పాలె? దసరాకు ఎక్కడ ఉండాలె? నాయిన కొత్తామెను అమ్మ అని పిలువమంటుండు, పిలిస్తే మా అమ్మకు కోపం వస్తదా? ఫీజు ఎవరు కడతరు? నేను సైకిల్ అడిగినందుకే కొట్లాట అయింది, ఇప్పుడు వద్దంటే కలుస్తరా?

చివరి చీటీ చదివి నేను టీచర్ల గదిలోనే కాసేపు కూర్చుండిపోయాను.

చూశావా, ఇందులో ‘నాకు బాధగా ఉంది’ అన్నది ఒక్కటీ లేదు. వాళ్లకు కావాల్సింది సమాచారం. నీ యాప్‌లో పెద్ద భాగం ఈ ప్రశ్నలకు ఒక్కో నిమిషం ఆడియో జవాబులే కావాలి, వకీలుతో సరిచూయించి, టీచరుతో చెప్పించి. జడ్జి ప్రశ్న తీసుకో. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, తెలివిగా ఎంచుకునే వయసు వచ్చిన పిల్లల ఇష్టాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చు. ‘తీసుకోవచ్చు’ అన్నది ఇక్కడ పెద్ద మాట. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం అంటుంది, అయితే అన్నిటికంటే పైన చూడాల్సింది పిల్లల క్షేమమేనని అదే చట్టం చెబుతుంది. జడ్జి చాలాసార్లు పిల్లలతో తన గదిలో విడిగా మాట్లాడతారు. వీటన్నిటినీ పిల్లవాడి భాషలోకి దించితే ఇంతే: ‘జడ్జి సారు నిన్ను నీ గదిలో ఉన్నట్టే కూర్చోబెట్టి మాట్లాడతాడు. తెలిసింది చెప్పు. తెలియకపోతే తెలియదను. అమ్మనా, నాన్ననా అని తీర్పు చెప్పాల్సింది నువ్వు కాదు, అది ఆయన పని.’ ఈ ఆడియోను కొందరు పిల్లలు వాయిదా ముందు రోజు రాత్రి ఐదారుసార్లు పెట్టుకొని విన్నారని తల్లులు చెప్పారు. దూరంగా ఉన్న తండ్రితోనో తల్లితోనో వీడియో కాల్ మాట్లాడటం గురించి కూడా ఒకటి పెట్టు. కలిసే హక్కుతో పాటు ఫోనులో, వీడియోలో మాట్లాడే వీలు కూడా ఉండాలని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో గట్టిగానే చెప్పింది. చాలా ఇళ్లలో ఆ కాల్ వచ్చినప్పుడు పక్కన ఎవరో ఒకరు నిలబడి వింటుంటారు, అది వేరే సంగతి.

సైకిల్ చీటీ లాంటి వాటికి సమాచారం ఒక్కటే సరిపోదు. అమెరికాలోని రోచెస్టర్‌లో 1982 నుంచి బడుల్లో ఇలాంటి పిల్లల కోసం ఒక కార్యక్రమం నడిచింది. అందులో పిల్లలకు నేర్పే ముఖ్యమైన పని, తాము సరిచేయగలిగిన సమస్యలేవి, సరిచేయలేనివేవి అని వేరుచేసుకోవడం. మేము దాన్ని రెండు గంపల ఆట చేశాం. ‘అమ్మానాన్న మళ్లీ కలవడం’, ‘నా బ్యాగు సర్దుకోవడం’, ‘తాత తిట్టడం’, ‘నాన్నకు ఫోన్ చేయాలని అడగడం’, ఇలాంటి పలకలు పడుతుంటాయి, ఒకటి నా గంపలోకి, ఒకటి పెద్దోళ్ల గంపలోకి. మార్కులు లేవు, తప్పు అన్న శబ్దం లేదు. పిల్లలు మొదటి రోజు అన్నీ తమ గంపలోనే వేసుకుంటారు. అది చూస్తే వాళ్లు ఎంత మోస్తున్నారో తెలుస్తుంది.

పరీక్షించి చూడకుండా ఏదీ బయట పెట్టకు. సెసేమ్ స్ట్రీట్ అనే అమెరికా పిల్లల కార్యక్రమం వాళ్లు 1992లో విడాకుల మీద ఒక భాగం తీశారు. అంతా పండితులతో చర్చించి, జాగ్రత్తగా రాసిందే. ప్రసారానికి ముందు కొందరు చిన్నపిల్లలకు చూపిస్తే వాళ్లు బెంబేలెత్తారు. అమ్మానాన్న కాస్త గొడవపడితే చాలు విడిపోతారని అనుకున్నారు. ఖర్చుపెట్టి తీసిన ఆ భాగాన్ని ప్రసారం చేయకుండా పక్కన పడేశారు. మళ్లీ ఆ జోలికి వెళ్లింది 2012లో. ఈసారి విడిపోవడాన్ని చూపించలేదు. ఎప్పుడో విడిపోయిన తల్లిదండ్రుల బిడ్డ, రెండిళ్లకు అలవాటు పడ్డ బొమ్మపిల్ల కథ చెప్పారు. నీ కథల్లో కూడా కొట్లాట సీను వద్దు. ఆ సీను వాళ్లు ఇంట్లో చూసే ఉన్నారు.

ఇప్పుడు మా యాప్‌లో అందరికంటే ఎక్కువ పనికొచ్చిన భాగం చెప్తాను. నేను దాన్ని మొదట పెట్టనివ్వలేదు, ‘ఇందులో కౌన్సెలింగ్ ఏముంది’ అన్నాను. అది క్యాలెండర్. అమ్మ దగ్గర ఉండే రోజు ఒక రంగు, నాన్న దగ్గర ఉండే రోజు ఒక రంగు. కింద చిన్న సంచి బొమ్మ, అందులో ఏమేం పెట్టుకోవాలో: యూనిఫాం, టై, సోషల్ నోట్సు, ఆస్తమా పంపు, ఇష్టమైన దుప్పటి. నవ్వకు. సగం గొడవలు మర్చిపోయిన టై దగ్గరే మొదలవుతాయి. ‘మీ అమ్మకు అంత సోయి కూడా లేదా’ అని ఒకరు, ‘మీ నాయిన కొనిచ్చుడు చాతకాదా’ అని ఇంకొకరు, మధ్యలో పిల్లవాడు. వారం ముందే తను ఎక్కడ ఉంటాడో తెలిసిన పిల్లవాడి కడుపు నొప్పి తగ్గుతుంది. ఇది నేను నా కళ్లతో చూశాను.

ఇందులో రెండు చిక్కులొచ్చాయి. ఒకటి, రోజులు ఎవరు నింపాలి? తల్లి ఒకటి పెడితే తండ్రి ఇంకొకటి పెడతాడు. ఇద్దరికీ పెట్టే వీలుంది, ఒకరిది ఒకరు చెరపలేరు. రెండూ కుదరని రోజు బూడిద రంగులోకి మారుతుంది, ‘ఇది పెద్దోళ్లు ఇంకా తేల్చుకోలేదు’ అని. పిల్లవాడికి ఇద్దరిలో ఎవరు ఏం పెట్టారో కనపడదు. ఇక్కడ తేదీలు తప్ప మరే మాటా దాచుకోం, ఆ రోజు దాటగానే అదీ చెరిగిపోతుంది. లేకపోతే ఇదీ వాయిదాకు ప్రింటై వస్తుంది.

రెండోది ఇంకా కష్టం. తండ్రి రావాల్సిన రోజున రాలేదు. పిల్లవాడు పొద్దున పదింటికే తల దువ్వించుకొని, సంచి పక్కన పెట్టుకొని గడప మీద కూర్చుంటాడు. ఒంటిగంటకు అమ్మమ్మ ‘వచ్చేవాడైతే ఎప్పుడో వచ్చేటోడు, లే, అన్నం తిను’ అంటుంది. ఆ రోజు క్యాలెండర్‌లో ఎర్ర గుర్తు పెట్టాలని మా ఇంజనీరు అన్నాడు. ససేమిరా వద్దన్నాను. ఆ ఎర్ర గుర్తులు నెల తిరిగేసరికి తండ్రి మీద ఫిర్యాదు పత్రం అవుతాయి, పిల్లవాడికేమో తనను వద్దనుకున్న రోజుల లెక్క అవుతాయి. ‘నాన్నకు పని పడి ఉంటుంది’ అని యాప్ కట్టుకథ చెప్పకూడదు. ‘నాన్న నిన్ను మర్చిపోలేదు’ అని హామీ ఇవ్వడానికి యాప్‌కేం తెలుసు? చివరికి పెట్టింది ఇది: ‘ఈ రోజు అనుకున్నట్టు జరగలేదు. దానికి కారణం నువ్వు కాదు.’ కింద పడవ బొమ్మ. అంతే.

తల్లిదండ్రులకు గ్రాఫు వద్దు గానీ, వాళ్లకు ఒక పేజీ మాత్రం తప్పక పెట్టు. విడిపోవడం కంటే, విడిపోయాక కూడా ఆగని కొట్లాటే పిల్లల్ని ఎక్కువ దెబ్బతీస్తుందని ఈ రంగంలో పనిచేసే వాళ్లంతా దాదాపుగా ఒప్పుకుంటారు. డెన్మార్క్‌లో 2019 నుంచి, 18 ఏళ్లలోపు పిల్లలున్న దంపతులు విడాకులకు వెళ్తే ముందు దాదాపు అరగంట ఆన్‌లైన్ పాఠం పూర్తి చేయాలి. అమెరికాలో 2001 నుంచి ఉన్న అవర్‌ఫ్యామిలీవిజర్డ్ లాంటి యాప్‌లో అసలు పిల్లల పనే తక్కువ, తల్లీ తండ్రీ ఒకరికొకరు మెసేజీలు, ఖర్చులు, తేదీలు అందులోనే పంపుకుంటారు, పిల్లవాణ్ణి టపా మోసే మనిషిని చేయకుండా. మన దగ్గర అంత లేకపోయినా ఒక్క నిమిషం ఆడియో చాలు. పిల్లవాడితో కబురు పంపకండి, వచ్చాక అక్కడేం జరిగిందని గుచ్చి గుచ్చి అడగకండి, ఖర్చుల కేసు వాడి ముందు మాట్లాడకండి. ఇది అమ్మమ్మలూ నానమ్మలూ వినేలా చెప్పించు. మన ఇళ్లలో తల్లిదండ్రుల కంటే పెద్దవాళ్లే ఎక్కువ అంటారు. ‘నీ నాయిన బుద్ధే నీకొచ్చింది’ అన్న మాట పిల్లల నోటి నుంచి నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు.

చాట్‌బాట్ సంగతి. రాత్రి పదకొండింటికి ఒక పిల్లవాడు ‘మామ నన్ను రోజూ ఏడబడితే ఆడ ముట్టుకుంటుండు’ అని టైపు చేశాడనుకో. నీ బాట్ ఏమంటుంది? పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం అలాంటిది తెలిసిన వాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. ఆ బాధ్యత మోయగలిగే మనుషులు నీ వెనుక ఇరవైనాలుగు గంటలూ ఉంటే పెట్టు. లేకపోతే దాని బదులు రెండు నంబర్లు పెట్టు: 1996లో బొంబాయిలో మొదలై ఇప్పుడు దేశమంతా ఉన్న పిల్లల హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్యం కోసం 2022లో వచ్చిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. రెండూ ఉచితం. ఒక్క జాగ్రత్త, చేసిన కాల్ ఆ ఫోనులో కనపడుతుంది. కొట్టే మనిషి ఫోనులోంచి పిల్లవాడు చేయకూడదు. ‘నీకు నమ్మకమున్న టీచరు ఫోను అడుగు’ అని ఆడియోలో చెప్పించు. టీచర్లకు కూడా ముందే చెప్పి పెట్టు, పిల్లవాడు ఫోను అడిగితే ఎందుకని నలుగురిలో నిలదీయకుండా.

నువ్వు అడగనిది ఒకటి చెప్తాను. దీన్ని మీ మేనల్లుడి మీద పరీక్షించకు. నువ్వు వాడికి మేనమామవి, అంటే కేసులో అమ్మవైపు మనిషివి. నువ్వు చేసిన యాప్‌లో వాడు నాన్న గురించి మంచిగా ఒక్క బొమ్మ కూడా గీయలేడు. మీ బావకు తెలిస్తే అదొక కొత్త గొడవ. వాడికి కావాల్సింది నీతో సాగర్ దాకా బండి మీద పోయి రావడం, మధ్యలో వాడు నాన్న మాట ఎత్తితే నువ్వు మొహం మాడ్చుకోకుండా వినడం.

యాప్ కోసం మొదటి నెల కోడ్ రాయకు. మీ ఊరి బడి హెడ్మాస్టరును అడిగి ఒక అట్టపెట్టె పెట్టు. క్యాలెండర్‌ను ముందు కాగితం మీద గీసి రెండు మూడు ఇళ్లలో గోడకు అంటించి చూడు, రంగు పెన్సిళ్లు ఇచ్చి. మేము గీసిన కాగితాలు నా దగ్గరున్నాయి, కావాలంటే స్కాన్ చేసి పంపుతాను. వాటిలో బూడిద రంగు రోజుల గడులు మాత్రం ఖాళీగా ఉంటాయి, అక్కడ ఏం చూపించాలో మాకు ఇంకా కుదరలేదు. జడ్చర్లలో ఒక పిల్లవాణ్ణి అడిగితే, ‘పొద్దున ఏ బట్టలేసుకోవాల్నో చెప్తే చాలు, తయారై కూసుంట’ అన్నాడు.